యాక్టివ్ డైరెక్టరీ: పాత పుస్తకం చాలు, పక్కన ల్యాబ్ ఉండాలి

ప్రశ్న: మాది చిత్తూరు. బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది. కోడింగ్ మీద ఆసక్తి లేదు. సిస్టమ్ అడ్మిన్ అవుదామని యాక్టివ్ డైరెక్టరీ నేర్పే ప్రాథమిక పుస్తకం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అది విండోస్ సర్వర్ 2012 నాటిది. సగం చదివినా బుర్రకెక్కడం లేదు. కొత్త పుస్తకం కొనాలా, బెంగళూరు వెళ్లి కోచింగ్‌లో చేరాలా?

జవాబు: ఇప్పటికి రెండూ వద్దు. ఆఫీసు నెట్‌వర్క్‌లో యూజర్లను, కంప్యూటర్లను ఒకేచోటి నుంచి నడిపే యాక్టివ్ డైరెక్టరీ విండోస్ 2000 సర్వర్‌తో వచ్చింది. డొమైన్ (ఒకే అదుపులో ఉండే యూజర్లు, కంప్యూటర్లు), ఫారెస్ట్ (డొమైన్లన్నిటినీ కలిపే పై గొడుగు), ఆర్గనైజేషనల్ యూనిట్ (డొమైన్‌లోని విభాగం), గ్రూప్ పాలసీ (వాళ్లకు పెట్టే నియమాలు) అప్పటి నుంచీ ఉన్నవే. మీ పుస్తకంలో బొమ్మలు కాస్త వేరుగా కనిపిస్తాయంతే. క్లౌడ్‌లో యూజర్ల లాగిన్‌లకు వాడే మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ గురించి తర్వాత చదువుకోవచ్చు.

బుర్రకెక్కనిది చేతితో చేయకుండా చదువుతున్నందుకు. ఈత పుస్తకం చదివి చెరువులో దిగినట్టుంటుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే దాని లోపలే వేరే కంప్యూటర్లను (వర్చువల్ మెషీన్లు) నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితంగా వేసుకోండి. విండోస్ సర్వర్ ట్రయల్ 180 రోజులు పనిచేస్తుంది. ఒక మెషీన్‌ను డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లు సరిచూసే సర్వర్) చేయండి, రెండోదాన్ని డొమైన్‌లో చేర్చండి. విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు కాబట్టి రెండోదానికి విండోస్ ఎంటర్‌ప్రైజ్ ట్రయల్ వాడండి.

చాలామంది మొదటిరోజే ఆగిపోయేది డీఎన్ఎస్ (పేరు చెబితే ఐపీ అడ్రస్ వెతికిపెట్టేది) దగ్గర. క్లయింట్‌లో, అంటే రెండో మెషీన్‌లో, డీఎన్ఎస్‌గా మీ సర్వర్ ఐపీ ఇవ్వాలి. అక్కడ గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 ఉంటే డొమైన్ దొరకనే దొరకదు. పుస్తకంలో డీఎన్ఎస్ అధ్యాయం దాటేసి ఉంటే ముందు దాన్ని చదవండి. రెండు మెషీన్ల టైమ్ కూడా చూసుకోండి. మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, డొమైన్‌లో గుర్తింపు సరిచూసే కెర్బరోస్ లాగిన్‌ను తిప్పికొట్టవచ్చు.

తర్వాత మీ కాలేజీనే నమూనాగా తీసుకోండి. ఆఫీసు, లైబ్రరీ, ల్యాబ్ అని మూడు యూనిట్లు పెట్టి యూజర్లను సృష్టించండి. ల్యాబ్ వాళ్లకు కంట్రోల్ ప్యానెల్ కనపడకుండా పాలసీ పెట్టండి. అది పడకపోతే, ఏ పాలసీలు పడ్డాయో చూపే జీపీరిజల్ట్ కమాండ్‌తో కారణం వెతకండి. అసలు చదువు అక్కడే ఉంది. ఇంటర్వ్యూలో ‘యూజర్ లాగిన్ కావడం లేదు, ఏం చూస్తావు?’ అంటే అప్పుడు తడుముకోరు.

మొదటి ఉద్యోగం అడ్మిన్‌గా కాక డెస్క్‌టాప్ సపోర్ట్‌లో రావచ్చు. పాస్‌వర్డ్‌లు రీసెట్ చేయడం, నైట్ షిఫ్టులు అందులో ఉంటాయి. చిన్నతనం అనుకోకండి. బెంగళూరు, చెన్నైలతో పాటు రేణిగుంట, శ్రీసిటీ వైపు కూడా ప్రయత్నించండి.

మీ పుస్తకం వెనక ఎంసీఎస్ఏ అనే మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ పరీక్ష ప్రస్తావన ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2021 జనవరిలో ఆపేసింది. ఇప్పుడెవరైనా ఆ సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఫీజు అడిగితే కట్టకండి.