గట్టిగా అనుకున్నవాడు ఆపితే ఆగుతాడా? ఒక పురుగుమందుల షాపు యజమాని జవాబు

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వాళ్ళ బాబాయి పోయిన నెల ప్రాణం తీసుకోబోయి బతికాడు. ఇప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. "గట్టిగా అనుకున్నవాడు ఇవాళ కాకపోతే రేపు చేసుకుంటాడు, మనం ఆపితే ఆగేది కాదు" అని చుట్టాలంతా అంటున్నారట. ఇందులో నిజమెంత, పరిశోధనలు ఏమంటున్నాయి అని అడిగారు.

మీ చుట్టాల మాట పూర్తిగా తప్పు. ఆ మాట వల్ల ఎంతమందిని చేతులారా వదిలేసుకుంటున్నామో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అమెరికాలో రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు 1978లో ఒక లెక్క బయటపెట్టాడు. 1937 నుంచి 1971 వరకు సాన్ ఫ్రాన్సిస్కోలో ఒకే చోట ప్రాణం తీసుకోబోతుండగా పట్టుకుని ఆపిన 515 మంది ఆ తర్వాత ఏమయ్యారో వెతికి చూశాడు. నూటికి 94 మంది బతికే ఉన్నారు, లేదా వయసు మీద పడో జబ్బు చేసో మామూలుగా పోయారు. "రేపు చేసుకుంటాడు" అనేవాళ్ళకి ఇంతకంటే జవాబు ఏముంటుంది? ఆ గడియ దాటితే చాలామంది దాటేస్తారు. మిగతా పని ఆ గడియ దాటించడం, తర్వాత ఆ మనిషిని ఒంటరిగా వదలకపోవడం.

ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రంలో మాకు ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. నాన్న పెట్టింది. 1998లో పత్తి రైతుల చావులతో మా జిల్లా పేరు దేశమంతా మోగినప్పుడు నేను గల్లా పక్కన కూర్చుని ఖాతాలు రాసే కుర్రాణ్ణి. అప్పటి నుంచి ఈ కౌంటర్ దగ్గరే ఉన్నాను.

కొన్నేళ్ళ కింద, వినాయక నిమజ్జనం అయిపోయిన వారంలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం షట్టర్ సగం దించాక ఒకతను వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి. పేరు, ఊరు చెప్పను. మా పాత ఖాతాదారే, కౌలు రైతు.

"గట్టి మందు ఏదన్న ఒకటి ఇయ్యి అన్నా."

"చేన్ల ఏం పడ్డది తమ్మీ? పచ్చదోమనా, తెల్లదోమనా, గులాబీ పురుగా?"

"అన్నీ ఉన్నయి."

అన్నీ ఉన్నాయనే రైతుని నేనింతవరకు చూడలేదు. రైతంటే ఆకు తెంపి జేబులో పెట్టుకొస్తాడు, లేదంటే ఫోన్‌లో ఫొటో తీసి "ఇగో ఇట్ల ముడుచుకుంటున్నది" అని చూపిస్తాడు. ఎన్ని పంపులకు కావాలని అడిగితే "ఎన్నో ఒకన్ని" అన్నాడు. ఏటా ఉద్దెర రాయించి పత్తి అమ్మాక తీర్చే మనిషి, ఆ రోజు మడతలు పడ్డ నోట్లు తీసి గల్లా మీద పెట్టాడు. రేటు అడగలేదు. పది రూపాయల కోసం అరగంట బేరమాడే మనిషి! బిల్లు కూడా వద్దన్నాడు.

"ఆ మందు అయిపోయింది తమ్మీ, రేపు పదింటికి ట్రాన్స్‌పోర్టుల వస్తది" అని అబద్ధం చెప్పాను. "అయినా ముసురుల కొడ్తే కడుక్కపోతది గద. కూసో, చాయ్ తాగు" అని స్టూలు జరిపాను. పిల్లగాణ్ణి చాయ్‌కి పంపించి, షాపులో మేమిద్దరమే ఉన్నప్పుడు సూటిగా అడిగాను: "సచ్చిపోదామని అనిపిస్తున్నదా తమ్మీ?"

అతను నా మొహం వంక చూసి, "నీకెవలు చెప్పిన్రు?" అన్నాడు.

అంతే, తర్వాత గంటసేపు నేను అడగాల్సిన పని లేకపోయింది. తండ్రి ఆపరేషన్‌కి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, నీళ్ళల్లో మునిగిన అయిదెకరాల కౌలు చేను, గొడవపడి పుట్టింటికి పోయిన భార్య. ఇవన్నీ నెలల తరబడి ఉన్నవే. ఆ మధ్యాహ్నం కొత్తగా జరిగింది ఒక్కటే: అప్పిచ్చినాయన వాకిట్లో నిలబడి, వాడకట్టంతా వింటుండగా నానా మాటలూ అన్నాడు.

పేపర్లవాళ్ళు ఇలాంటివి రాసే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "అప్పుల బాధ తాళలేక", "ప్రేమ విఫలమై", "మార్కులు తక్కువొచ్చాయని" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒకే కారణానికి ముడిపెట్టి రాయొద్దని, ఎలా చేసుకున్నారో వివరాలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. మన దగ్గర వినేదెవరు? అదే అప్పుతో మా మండలంలో వందల మంది బతుకుతున్నారు. అప్పు, అవమానం, ఒంటరితనం, నిద్రలేమి, తాగుడు ఒక్క పూట ఒక్కచోట కలిస్తేనే మనిషి కూలిపోతాడు. వాటిలో ఒక్కదాన్ని పక్కకి తప్పించినా ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది.

చచ్చిపోవాలని ఉందా అని అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అని నన్ను చాలామంది నిలదీశారు. కాదు. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2014లో, అప్పటిదాకా వచ్చిన 13 అధ్యయనాలు కలిపి చూశారు. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. కొందరికి తగ్గుతాయని కూడా రాశారు. నా అనుభవమూ అదే. ఎవరూ అడగరనే మనిషి లోపల కుళ్ళిపోతాడు.

ఆ రాత్రి అతని మేనమామకి ఫోన్ చేశాను. తడుచుకుంటూ టీవీఎస్ మీద వచ్చాడు. వస్తూనే తిట్టబోయాడు, "పిల్లల మొహమన్న చూడాలె గదరా" అని. బయటికి తీసుకెళ్ళి చెప్పాను: "కాకా, ఇయ్యాల బుద్ధులు చెప్పకు. నీ ఇంటికి తోలుకపో, పక్కల పండుకో. వాళ్ళింట్ల ఉన్న మందు డబ్బాలన్నీ పొద్దుగాల నాకు తెచ్చియ్యి." తెల్లారి గోనె సంచిలో పట్టుకొచ్చాడు. అన్నీ సగం సగం మిగిలినవే. ఒకదానికి మూత లేక గుడ్డ పీలిక కుక్కి ఉంది. పిల్లలు తిరిగే ఇంట్లో గడ్డివాము పక్కన పెట్టుకున్న సరుకు అది!

తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే నీరసమని ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించి పంపాడు. మానసిక వైద్యుడి దగ్గరికి పోదామంటే "మావోడికేమన్న పిచ్చా?" అని ఇంట్లో లొల్లి. నేనూ మేనమామా పట్టుబట్టి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మందులు వాడిన కొన్ని వారాలకు నిద్ర పట్టడం మొదలైంది. భార్య తిరిగొచ్చింది. పెద్దమనుషులు కూర్చుని వడ్డీ తగ్గించి వాయిదాలు పెట్టారు. నేను చేసింది ఫోన్లు చేయడమే. "చేను ఎట్లున్నది, మిర్చి నారు పోసినవా" అని ఏదో వంక పెట్టుకుని చేసేవాణ్ణి. రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసేవాణ్ణి. ఇప్పటికీ పంట వేస్తున్నాడు, మా దగ్గరికే వస్తాడు, రేటు దగ్గర ఎప్పటిలాగే పేచీ పెడతాడు.

ఆ ఫోన్ల విలువ నాకు తర్వాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఒక పరిశోధన చేయించింది, అందులో మన చెన్నై కూడా ఉంది. ప్రయత్నం చేసి ఆసుపత్రికొచ్చిన 1,867 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకి మామూలు వైద్యం. రెండో జట్టుకి దాంతో పాటు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, ఆపైన 18 నెలల్లో 9 సార్లు ఫోన్ చేసో ఇంటికెళ్ళో పలకరించడం. 2008లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం జట్టులో ఆత్మహత్యతో పోయినవాళ్ళు 2.2 శాతం, పలకరించిన జట్టులో 0.2 శాతం. కోట్లు పెట్టి మిషన్లు కొనే ప్రభుత్వాలకు ఈ పలకరింపు పని ఎందుకు ఆనదో నాకు అర్థం కాదు. ఆశా వర్కర్లకి ఇప్పటికే పుట్టెడు పనులు మీద పెట్టారు, జీతం పెంచి ఇంకో మనిషిని ఇస్తే ఈ పనీ చక్కగా చేస్తారు.

ఇక నా వ్యాపారం సంగతి. ఈ మాట అంటే తోటి డీలర్లకు కోపమొస్తుంది, అయినా అంటాను: అత్యంత విషపూరితమైన రకాలు మా ర్యాకుల్లో ఉండనే కూడదు. శ్రీలంకని చూడండి. 1995 ప్రాంతంలో అక్కడ ఏటా లక్ష మందికి దాదాపు 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కో విడతగా నిషేధించుకుంటూ వచ్చారు. 20 ఏళ్ళలో ఆ సంఖ్య 70 శాతానికి పైగా పడిపోయింది. దానివల్ల దాదాపు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. దిగుబడి పడిపోతుందని అక్కడ కూడా భయపెట్టారు, పడిపోలేదు. మన దగ్గర 2020 మే నెలలో 27 రకాలు నిషేధిస్తామని కేంద్రం ముసాయిదా ఇచ్చింది. వాటిలో చాలావరకు ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి. టార్గెట్ కొడితే విదేశీ టూరు అని కంపెనీల మనుషులు మా చుట్టూ తిరుగుతారు, ఏ మనిషికి సరుకు ఇవ్వకూడదో చెప్పేవాడు ఒక్కడూ రాడు. లైసెన్సు కోసం మేం కూర్చునే తరగతుల్లో కూడా ఆ మాట ఎత్తరు. శ్రీలంకలో దుకాణదారులకు దీనిమీద శిక్షణ ఇచ్చి చూశారు. తాగి వచ్చినవాడికి, వ్యవసాయం లేనివాడికి అమ్మొద్దన్నది అందులో ముఖ్యమైన సూత్రం.

పురుగుమందులు ఇంట్లోనే పెట్టెలో పెట్టి తాళం వేస్తే చాలదా అంటారు. శ్రీలంకలోనే 180 ఊళ్ళలో 50 వేలకు పైగా ఇళ్ళ మీద పరీక్షించారు, తాళం పెట్టెలు పంచడం వల్ల తేడా రాలేదని 2017లో తేలింది. తాళంచెవి ఇంట్లోనే ఉంటే ఏం లాభం? తమిళనాడు కడలూరు జిల్లాలో ఆత్మహత్యల్ని ఆపడానికి పనిచేసే చెన్నై స్నేహ సంస్థవాళ్ళు ఊరందరి పురుగుమందులూ ఒకేచోట లాకర్లలో పెట్టించి చూశారు, రైతులు ఒప్పుకున్నారు కూడా. మన సొసైటీ గోదాములు ఖాళీగానే పడి ఉంటాయి కదా, అక్కడ ఈ పని ఎందుకు చేయకూడదు?

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. రైతు ఆత్మహత్యలంటే పట్టా ఉన్నవాడి గురించే మాట్లాడతారు. 2022 జాతీయ నేర గణాంకాల్లో వ్యవసాయం మీద బతికి అలా పోయినవాళ్ళు 11,290 మంది. అందులో 6,083 మంది వ్యవసాయ కూలీలే. రైతు పోతే ఇంటివాళ్ళకి డబ్బిచ్చే మన తెలంగాణ రైతుబీమా 2018లో వచ్చింది, మంచి పథకమే, కానీ పట్టాదారుకే. నేను చెప్పిన తమ్ముడి లాంటి కౌలుదారు ఆ పథకం కాగితాల్లో కనబడడు.

మీ బాబాయి విషయానికొస్తే, ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వారాలు, నెలలే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. మనిషి బాగానే నవ్వుతున్నాడని కాపలా తీసేయకండి. డాక్టర్ రాసిన మందులు ఇంట్లో ఒకరు దగ్గరుండి ఇవ్వండి, అపాయింట్‌మెంట్ తప్పించకండి. పోలీసు కేసవుతుందని భయపడి వైద్యం దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలే తప్ప శిక్షించకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు, మీ పిన్ని కూడా చేయొచ్చు, చూసుకునేవాళ్ళకీ గుండె బరువెక్కుతుంది. మీ బాబాయి చచ్చిపోతానని మళ్ళీ అంటే, ఆ ఆలోచన ఉందని తెలిస్తే, ఒంటరిగా వదలకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి.

"నీకేం తక్కువ" అని అడగొద్దు. "రాత్రి నిద్ర పట్టిందా, ఆ ఆలోచన మళ్ళీ వచ్చిందా" అని అడగండి. ఈ ఆదివారం ఒకరు వెళ్ళండి, వచ్చే ఆదివారం ఇంకొకరు. వ్యవసాయం ఉన్న ఇల్లయితే కొట్టంలో, అటక మీద మిగిలిన డబ్బాలన్నీ ఇవాళే బయటికి తీయించండి. సీలు తీయనివి కొన్న షాపులోనే ఇచ్చేయండి, బిల్లు ఉంటే చాలామంది డీలర్లం వెనక్కి తీసుకుంటాం. సీలు తీసినవి ఏం చేయాలో మీ మండల వ్యవసాయాధికారిని అడగండి, బావిలోనో కాలవలోనో పారబోయొద్దు.