అమ్మని చూసి భయపడే సినిమాలు: మీరడిగారు, నేను చెప్తున్నా

పోయిన నెల ఈ పేజీలో బాబడూక్ అనే దెయ్యం సినిమా గురించి ఓ నాలుగు లైన్లు రాశా, ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లలో సగం దాని మీదే. కొంతమంది సినిమా గురించి అడిగారు, కొంతమంది సినిమా పేరు చెప్పి ఇంట్లో సంగతి అడిగారు. ఈ రెండో రకం వాళ్లకి కాస్త ఎక్కువ చోటు ఇచ్చా, మిగతావాళ్లు ఏమనుకోవద్దు. ఎవరి పేర్లూ వేయట్లేదు. కొన్నిచోట్ల కథ చెప్పేయక తప్పలేదు, ఇంకా చూడనివాళ్లు ఆ ముక్క వదిలేసి కిందకెళ్లిపోండి.

అక్కా, మీరు రాశారని బాబడూక్ చూశా. గంటన్నర కూర్చున్నా దెయ్యం సరిగ్గా కనపడలా, ఆ పిల్లాడి అరుపులకి తలనొప్పి మాత్రం వచ్చింది. అంత ఏముంది అందులో?
(డిగ్రీ విద్యార్థి, హనుమకొండ)

తమ్ముడూ, నీకు గంటన్నరకే తలనొప్పి వచ్చింది, అందులో తల్లి అమీలియాకి ఆరేళ్ల నుంచి ఉంది, డైరెక్టర్ జెన్నిఫర్ కెంట్ నీకు రప్పించాలనుకున్నది సరిగ్గా ఆ తలనొప్పే. 2014లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా అది, ఆమెకి మొదటి సినిమా. అమీలియాకి నొప్పులొస్తుంటే ఆస్పత్రికి తీసుకెళ్తూ దారిలో యాక్సిడెంట్‌లో మొగుడు చనిపోయాడు, అంటే కొడుకు పుట్టినరోజూ మొగుడు పోయిన రోజూ ఒకటే, అందుకే ఆ పిల్లాడికి ఒక్క ఏడు కూడా ఆ రోజున పుట్టినరోజు చేయలేదు. మొదట్లో ఒక చిన్న షాట్ ఉంది, మళ్లీ చూడు. పిల్లాడు భయపడి వచ్చి అమ్మ పక్కలో పడుకుంటాడు, కాళ్లూ చేతులూ ఆమె మీదేసి నిద్రలో పళ్లు కొరుకుతుంటాడు, ఆమె మెల్లిగా ఆ చెయ్యి తీసి మంచం ఆ చివరికి జరిగిపోతుంది. దెయ్యం ఇంకా రానేలేదు అప్పటికి. కన్నకొడుకు చెయ్యి తగిలితేనే ఒళ్లు జలదరించే ఒక తల్లిని చూపించేశారు, మన సినిమాల్లో ఆ షాట్ తీయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

తర్వాత ఏమవుతుందో చూడు. చెల్లెలు, నీ కొడుకుని భరించలేకపోతున్నా అని మొహం మీదే అనేస్తుంది. స్కూలు వాళ్లు పిల్లాడితో వేగలేమంటారు. పోలీస్‌స్టేషన్‌కి వెళ్తే చేతిలో సాక్ష్యం లేదు, ఇంట్లోకి ఎలా వచ్చిందో తెలియని ఆ బాబడూక్ దెయ్యం బొమ్మల పుస్తకాన్ని తనే కాల్చేసింది, చేతులేమో నల్లగా ఉన్నాయి, అక్కడివాళ్లు మొహాలు చూసుకుంటారు. చించి పారేసిన పుస్తకం అతుక్కుని గుమ్మం ముందుకి తిరిగొస్తుంది కదా, ఆ కొత్త పేజీల్లో తల్లే పిల్లాడిని చంపుతున్నట్టు బొమ్మలుంటాయి కదా, అక్కడ నేను సినిమా ఆపి లేచి మంచినీళ్లు తాగొచ్చా. ఆమె బుర్రలో ఎప్పుడో ఒక రాత్రి ఓ క్షణం మెదిలి ఉంటుంది ఆ ఆలోచన, దాన్నే ఎవరో అచ్చేసి చేతిలో పెట్టినట్టు ఉంటుంది.

చివర్లో ఆ బాబడూక్ చావదు కూడా. ఇంటి కింద గదిలో ఉంటుంది, తల్లీకొడుకులు తోటలో వానపాముల్ని ఏరి గిన్నెలో వేస్తారు, ఆమె అది పట్టుకెళ్లి కింద పెట్టి వస్తుంది. ఆ ఏడు పిల్లాడి పుట్టినరోజు ఆ రోజునే చేస్తారు. డిప్రెషన్‌కి మందులు వాడుతూ రోజూ పిల్లలకి క్యారేజీ కట్టే ఆడవాళ్లని అడుగు, ఆ గిన్నె ఏంటో వాళ్లు చెప్తారు నీకు.

మా పాపకి తొమ్మిదేళ్లు. నాతో పాటు తనూ చూస్తానంటోంది. చూపించొచ్చా?
(గృహిణి, ఖమ్మం)

వద్దండీ. మామూలు దెయ్యం సినిమా అయితే పిల్ల భయపడితే లైటేసి దగ్గరికి తీసుకుంటాం, భయం పోతుంది. ఇందులో దెయ్యానికి అమ్మ మొహమే ఉంటుంది, రేపు మీరు హోంవర్క్ చేయలేదని గట్టిగా అరిస్తే ఆ పిల్ల మీ మొహంలోకి ఎలా చూస్తుందో ఆలోచించండి.

ఇంగ్లిష్ వాళ్లవే చెప్తారేంటండీ. మన దగ్గర నిమ్మకాయలు, ముగ్గులు, మంత్రగాడు తప్ప ఇలాంటి కథలు రాలేదా?
(బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రి)

వచ్చాయండీ, పక్కింట్లో వచ్చాయి. 2022 జనవరిలో సోనీలివ్‌లో భూతకాలం అని మలయాళం సినిమా వచ్చింది, రాహుల్ సదాశివన్ తీశారు, తర్వాత భ్రమయుగం తీసింది ఆయనే. 1992లో రాంగోపాల్ వర్మ రాత్రి సినిమాలో దెయ్యం పట్టిన కాలేజీ అమ్మాయిగా చేసిన రేవతి గుర్తుందా, ముప్ఫై ఏళ్ల తర్వాత ఇందులో డిప్రెషన్ ఉన్న తల్లిగా చేశారు, కేరళ ప్రభుత్వం ఉత్తమ నటి అవార్డు కూడా ఇచ్చింది. తల్లీ, ఉద్యోగం లేని ఎదిగిన కొడుకూ, ఒక అద్దె ఇల్లు, అంతే కథ. ఇంట్లో పెద్దావిడ పోయాక ఇల్లంతా బరువెక్కిపోతుంది. వీళ్లిద్దరూ పొడిపొడి మాటలు తప్ప మాట్లాడుకోరు, కొడుక్కి రాత్రిళ్లు ఏవో వినపడుతున్నాయంటే నమ్మేవాళ్లుండరు. నాకు అందులో దెయ్యం కంటే డైనింగ్ టేబుల్ దగ్గర వాళ్ల మౌనం ఎక్కువ భయమేసింది. రేవతి కళ్లు చూడండి, ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన కళ్లలా ఉంటాయి.

తెలుగులో అయితే అదే ఏడాది నవంబర్‌లో మసూద వచ్చింది. అందులో తల్లికి జబ్బేం లేదు, కూతురికి పడుతుంది దెయ్యం. అయినా ఎందుకు చెప్తున్నానంటే భర్త దూరంగా ఉండి ఒక్కతే కూతుర్ని పెంచుకుంటున్న టీచర్‌గా సంగీత చేసిన పాత్ర, అర్ధరాత్రి దిక్కుతోచక పక్క ఫ్లాట్ కుర్రాడి సాయం అడగడం, వాడు తనకీ భయమే అయినా రావడం, ఆ ఒక్క సంగతి చాలు. అమీలియాకి అలాంటి కుర్రాడు దొరకలేదు.

మన దగ్గర ఇవి ఎక్కువ రాకపోవడానికి కారణం నాకు తెలిసి ఒకటే. మనకి తెర మీద అమ్మ అంటే దేవత. దేవతకి విసుగు రాదు, నిద్ర అక్కర్లేదు. మా పిన్ని రెండో పురుడప్పుడు మంచం కింద ఇనపముక్క, చీపురు పెట్టారు, గుమ్మానికి వేపమండలు కట్టారు, బాలింతకి గాలి సోకిందని ఎవరినో పిలిచి తాయెత్తు కట్టించారు. నాకప్పుడు పదేళ్లు, గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నా. పిన్ని ఒకటే మాట అంటోంది, నాకు నిద్ర పట్టట్లేదు, నాకు నిద్ర పట్టట్లేదు అని. ఇంట్లో పదిమంది ఉన్నారు, ఆ మాట ఎవరికీ వినపడలా. నాలుగో నెలలో కానీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. మందులతో తేరుకుంది, ఇప్పుడు మనవల్ని ఆడిస్తోంది, కానీ ఆ నాలుగు నెలలు ఎవరు తిరిగిస్తారు పిన్నికి.

మేడం, మా అమ్మకి స్కిజోఫ్రీనియా, లేని గొంతులు వినపడే, లేనిపోని అనుమానాలు పట్టుకునే మానసిక జబ్బు. చిన్నప్పట్నించి చూస్తూ పెరిగా. నాకిప్పుడు ఏడో నెల. మావారు ఆఫీసుకెళ్లాక ఒక్కదాన్నే హెరిడిటరీ చూశా, అప్పట్నించి నిద్ర లేదు. నేనూ అలా అయిపోతానా, నా బిడ్డని ఏమన్నా చేస్తానా అని ఒకటే భయం.
(పాఠకురాలు, ఒంగోలు)

చెల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివా.

ముందు సినిమా సంగతి. ఆరి ఆస్టర్ 2018లో తీసిన ఆ సినిమా గొప్పగా తీశాడు, తల్లిగా చేసిన టోనీ కొలెట్ యాక్టింగ్ గురించి రెండో మాట లేదు. కానీ అందులో ఆ తల్లి చేసే పనేంటి, చిన్న చిన్న బొమ్మ ఇళ్లు కట్టడం. సినిమా మొదలవ్వడమే అలాంటి బొమ్మ ఇంట్లోకి కెమెరా వెళ్లి అందులోంచి అసలు మనుషులు కనపడతారు. అంటే వీళ్లు ముందే ఎవరో పేర్చిపెట్టిన బొమ్మలు, వంశంలో ఏం రాసిపెట్టి ఉందో అదే జరుగుతుంది, తప్పించుకోలేరు అని. కథకి అది కావాలి, ఎందుకంటే దాని వెనక ఒక దెయ్యాన్ని కొలిచే ముఠా ఉంది. నీ వెనక ఏ ముఠా లేదమ్మా. తల్లి జబ్బుని కూతురి తలరాత చేసి భయపెట్టడం, అదొక్కటే నాకు ఆ సినిమాలో నచ్చనిది.

ఇక లెక్క. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు అది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం నూటికి దాదాపు పది. రిస్క్ పెరిగిన మాట నిజమే, దాచను. కానీ మిగిలిన తొంభై మంది సంగతి ఏ సినిమావాడూ తీయడు. నువ్వు ఆ తొంభైలో ఉండే అవకాశమే చాలా ఎక్కువ.

పురుడయ్యాక వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు ఒకటుంది, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు, వెయ్యి కాన్పులకి ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. రెండు మూడు రోజులు నిద్ర లేకపోయినా అలుపు లేనట్టు ఉండటం, గబగబా తెగ మాట్లాడటం, ఇంట్లోవాళ్ల మీదే అనుమానం, బిడ్డ తన బిడ్డ కాదనో బిడ్డలో ఏదో శక్తి ఉందనో అనడం, ఇలాంటివి కనపడితే రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఇవి నీకు నువ్వు కనిపెట్టుకోలేవు, అందుకే మీ ఆయనకీ, పురుటికి తోడుండే ఇంకొకరికీ ఇప్పుడే చెప్పి ఉంచు. వచ్చే చెకప్‌లో గైనకాలజిస్టుకి అమ్మ జబ్బు సంగతి దాచకుండా చెప్పు, కాన్పుకి ముందే ఒకసారి సైకియాట్రిస్ట్‌ని చూపించమని నువ్వే అడుగు. ఇప్పుడు నిద్ర పట్టట్లేదన్న సంగతీ చెప్పు. ఏవైనా మందులు వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా ఆపకు. పుట్టాక రాత్రిపూట కొన్ని గంటలు బిడ్డని వేరేవాళ్లు చూసుకునేలా ముందే మాట్లాడుకో, బాలింతకి నిద్ర కూడా మందే.

ఇంకో మాట, ఇది ఎవరూ పైకి చెప్పరు. బిడ్డని ఎత్తుకుని మేడ మెట్లు దిగుతుంటే చెయ్యి జారితేనో, నేనే ఏమన్నా చేసేస్తేనో అని ఒక పాడు ఆలోచన మెరవడం చాలామంది కొత్త తల్లులకి ఉంటుంది. ఆ ఆలోచన వచ్చి గుండె ఝల్లుమనడం వేరు, చేయాలనిపించడం వేరు. ఏదైనా సరే డాక్టర్‌తో చెప్తే సిగ్గుపడాల్సిందేం లేదు. రాత్రిపూట మనసు మరీ బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అని ప్రభుత్వం నడిపేది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బిడ్డని లాగేసుకుంటారేమో అని భయపడకు, 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, మూడేళ్ల లోపు బిడ్డని మామూలుగా ఆస్పత్రిలో ఉన్న తల్లి నుంచి విడదీయకూడదని. బెంగళూరు నిమ్‌హాన్స్ మానసిక ఆస్పత్రిలో తల్లీబిడ్డలని కలిపి ఉంచుకునే వార్డే ఉంది.

పురుడయ్యేదాకా ఈ సినిమాలు వద్దు నీకు. ముఖ్యంగా 2016లో వచ్చిన లైట్స్ అవుట్ జోలికి ఎప్పటికీ పోకు. డిప్రెషన్ ఉన్న తల్లి లేకుండా పోతేనే పిల్లలు బతుకుతారు అన్నట్టు ముగించారు దాన్ని. పచ్చి అబద్ధం అది, నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఈ సినిమాలన్నిట్లో మొగుడు పోయో, వదిలేసో, ఆడది ఒక్కతే పిల్లతో ఉంటుందేంటి?
(టీచర్, విజయవాడ)

భలే పట్టుకున్నారు. ఇరాన్ కథ అండర్ ద షాడోలో (2016, బాబక్ అన్వరి) భర్త బతికే ఉన్నాడు, డాక్టరు, యుద్ధానికి పంపేశారు. 1988 టెహ్రాన్, మీద క్షిపణులు పడుతుంటాయి, మెడిసిన్ చదువు మళ్లీ చదవనివ్వని ఒకామె కూతురితో అపార్ట్‌మెంట్‌లో మిగిలిపోతుంది. ఒక రాత్రి జిన్ అనే దెయ్యం భయానికి బిడ్డని ఎత్తుకుని వీధిలోకి పరిగెడితే తల మీద ముసుగు లేదని అరెస్టు చేస్తారు, లోపల జిన్, బయట వీళ్లు.

ఇక హిడియో నకటా తీసిన జపాన్ సినిమా డార్క్ వాటర్ (2002) చూడండి. విడాకులు, పాప ఎవరి దగ్గరుండాలని గొడవ. ఆమె ఎప్పుడో సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లిందన్న సంగతిని ఆమె మీదకే తిప్పుతారు. అందుకే పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నా, ఎర్ర బ్యాగు ఎన్నిసార్లు పారేసినా తిరిగొస్తున్నా, గట్టిగా చెప్పుకోలేదు, చెప్తే పిచ్చిదంటారు, పిచ్చిదంటే పిల్లని తీసేసుకుంటారు. మీ స్టాఫ్‌రూమ్‌లోనే ఎంతమంది ఇలా నోరు నొక్కుకుని ఉన్నారో.

మేడం, డల్లాస్ నుంచి రాస్తున్నా. పురుటికి వచ్చిన మా అత్తగారు ఆరు నెలలుండి మొన్న ఇండియా వెళ్లిపోయారు. బాబుకి ఏడో నెల. రాత్రిళ్లు నా భార్య సింక్ దగ్గర ట్యాప్ తిప్పి అలా నిలబడి ఉంటోంది, బాబు ఏడుస్తున్నా కదలదు. బాబడూక్ సగంలో ఆపేశా, అందులో ఆవిడ నా భార్యలానే ఉంది. తనకి ఈ సినిమా చూపిస్తే తన పరిస్థితి తనకి అర్థమవుతుందా?

చూపించకండి. ఆ అమ్మాయికి తన పరిస్థితి తెలుసు బాబూ, తెలియనిది మీకే, ఇప్పుడు మీకూ తెలిసింది కదా, సినిమా పని అయిపోయింది.

ఈ రాత్రి బాబుని మీరు తీసుకుని వేరే గదిలో పడుకోండి, పాలు మీరే కలపండి, ఏడిస్తే మీరే లేవండి. రేపు పొద్దున్నే ఆమె డాక్టర్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగండి, డిప్రెషన్ ఉందేమో చూడటానికి పది ప్రశ్నల ఒక కాగితం నింపమంటారు, అది నింపేటప్పుడు మీరు పక్కన కూర్చుని జవాబులు చెప్పకండి, ఆమెని ఒక్కదాన్నే నింపనివ్వండి. మీ అమెరికాలో తల్లుల కోసమే ఒక ఫ్రీ నంబర్ ఉంది, 1-833-852-6262, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, భర్తలు కూడా చేయొచ్చు. చచ్చిపోతాననో, బాబుని ఏదో చేస్తాననో ఒక్క మాట వచ్చినా 988కి గానీ 911కి గానీ చేయండి, ఆ నిమిషం ఆమెని ఒంటరిగా వదలకండి. అత్తగారికి కూడా ఫోన్‌లో అంతా బాగానే ఉంది అని చెప్పడం ఆపండి.

అడగొద్దనుకుంటూనే అడుగుతున్నా, ఆ ట్యాప్ దగ్గరికి వెళ్లి ఎప్పుడైనా కట్టేసి, వెళ్లి పడుకో నేను చూసుకుంటా అన్నారా? అనకపోతే ఇవాళ అనండి. పది రోజులాగి నాకు మళ్లీ రాయండి, ఆమె ఎన్ని గంటలు పడుకుందో అది రాయండి చాలు, బాబడూక్ మిగతా సగం గురించి తర్వాత ఎప్పుడైనా మాట్లాడుకుందాం.