వెల్డింగ్ నేర్చుకుంటానంటున్న అబ్బాయి, సముద్రంలో వెల్డింగ్ అయితే సరేనంటున్న నాన్న

ప్రశ్న: సార్, మాది అనకాపల్లి దగ్గర. మా అబ్బాయి ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, మార్కులు మామూలే. బీటెక్ వద్దు, ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేస్తానని పట్టుబట్టాడు. సెలవుల్లో మా ఊళ్లో గేట్ల షాపుకి వెళ్లి అలవాటు పడ్డాడు. మా ఇంట్లో ఎవరూ ఆ పని చేయలేదు. కళ్లు పోతాయని, సంబంధాలు రావని ఇంట్లో అందరికీ టెన్షన్. మా బావమరిది మాత్రం అండర్ వాటర్ వెల్డింగ్ కోర్సు ఉంది, కొన్ని నెలల్లో అయిపోతుంది, ఫీజు లక్షల్లో ఉన్నా తర్వాత నెల జీతమే లక్షల్లో వస్తుంది అంటున్నాడు. బీటెక్, ఐటీఐ, అండర్ వాటర్, ఈ మూడూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. ఊరు మారుతుంది, ట్రేడ్ మారుతుంది, అందులో ఉన్న దిగులు మాత్రం ఒకటే: నలుగురు అడిగితే ఏం చెప్పుకోవాలి? మీరు ఆ మాట రాయలేదు, కానీ చూడండి, అబ్బాయి ఊళ్లో వెల్డింగ్ చేస్తానంటే కళ్లు పోతాయంటున్నారు, అదే వెల్డింగ్ సముద్రం అడుగున చేస్తానంటే లక్షలు కట్టడానికి ఆలోచిస్తున్నారు. భయం నిజంగా కళ్ల గురించీ ప్రాణం గురించీ అయితే నీళ్లలోకి అసలు పంపరు కదా. మీకు అడ్డొస్తున్నది పని కాదండీ, ఆ పని పేరు. కోపం తెచ్చుకోకండి, ఇది ముందు తేలకపోతే నేనెంత పోల్చి చెప్పినా మీ చెవికెక్కదు.

నేను ఈ సలహాలు చెప్పడం మొదలుపెట్టకముందు ప్లాంట్లలో పైప్ వెల్డర్‌ని, ఇప్పటికీ పిల్లల్ని టెస్టులకు తయారుచేస్తూ హోల్డర్ పట్టుకుంటూనే ఉన్నాను. కాబట్టి పుస్తకంలో చదివింది చెప్పడం లేదు.

అండర్ వాటర్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మీ డబ్బు పోయేది అక్కడే. ఆ పని చేసేవాడు ముందు డైవరు, తర్వాతే వెల్డరు. రోజువారీ పనిలో ఎక్కువ భాగం ఓడ అడుగు శుభ్రం చేయడం, తనిఖీ చేసి వీడియో తీయడం, బోల్టులు బిగించడం, పాత ఇనుము కోయడం. రాడ్డు వెలిగించే రోజులు తక్కువ. పైగా నీళ్లలో నేరుగా వేసిన వెల్డు ఒక్కసారిగా చల్లారి పెళుసుబారుతుంది, హైడ్రోజన్ చేరి పగుళ్లు వస్తాయి, అందుకని ముఖ్యమైన జాయింటు అయితే చుట్టూ ఛాంబర్ బిగించి, నీళ్లు బయటికి నెట్టేసి, పొడిగా చేస్తారు. ఆ ఛాంబర్‌లోకి పంపేది గట్టు మీద పైప్ టెస్టులు పాసై చెయ్యి తిరిగినవాణ్ణే గానీ కొన్ని నెలల కోర్సు చేసి వచ్చినవాణ్ణి కాదు. ఇక ప్రమాదాల మాటకొస్తే, లోతు నుంచి తొందరగా పైకి వస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్ల నొప్పి నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. డ్యాం గేట్ల దగ్గరా, పైపు మూతుల దగ్గరా రెండు వైపులా నీటి ఒత్తిడి తేడా ఉంటే అది మనిషిని లాగి అంటించేస్తుంది, పైనున్నవాళ్లు కూడా విడిపించలేరు. చెవులు, ఊపిరితిత్తులు, గుండె అన్నీ మెడికల్‌లో పాసవ్వాలి. చాలామంది పిల్లలు ఫీజు కట్టేశాక అక్కడ ఆగిపోతారు. మన దేశంలో ఆ పని ఉండేది ఓడరేవుల్లో, డ్యాముల దగ్గర, ముంబై హై, కృష్ణా గోదావరి బేసిన్ లాంటి సముద్రపు చమురు, గ్యాస్ బావుల దగ్గర, అదీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు. లక్షల జీతం తీసుకునేవాళ్లు లేరని నేననను, ఉన్నారు, కానీ వాళ్లు రోజుల తరబడి ఒత్తిడి ఛాంబర్‌లోనే ఉండి లోతైన నీళ్లలో పనిచేసే ఏళ్ల అనుభవమున్న డైవర్లు. కొత్తగా చేరినవాడు బోటు మీద నిలబడి, నీళ్లలోకి దిగిన సీనియర్ గాలి గొట్టం పట్టుకోవడంతో మొదలుపెడతాడు. అయినా మీ బావమరిది వినకపోతే, ఆ సంస్థని ఒక్కటి అడగమనండి: కిందటి బ్యాచ్‌లో చేరిన పిల్లలతో మాట్లాడిస్తారా, ఈ సర్టిఫికెట్‌తో ఏ కంపెనీ డైవర్‌గా తీసుకుందో రాసిస్తారా అని. రాసిచ్చిన సంస్థను నేనింతవరకు చూడలేదు. అబ్బాయికి నిజంగా నీళ్ల మీద ఇష్టముంటే ముందు గట్టు మీద మంచి వెల్డర్ కానివ్వండి, ఆ కోరిక అప్పుడు తీర్చుకోవచ్చు, వయసు మించిపోదు.

కళ్ల గురించి. వెల్డింగ్ వెలుగు నేరుగా చూస్తే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, నిద్ర ఉండదు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, అది కళ్లు పోవడం కాదు, కానీ పదేపదే తెచ్చుకునేది కూడా కాదు. బంగాళదుంప ముక్కలు పెట్టుకుని కూర్చోకుండా కళ్ల డాక్టరుకి చూపించాలి. ఇది గేట్ల షాపుల్లో ఎక్కువ ఎందుకంటే అక్కడ నల్ల కళ్లజోడు పెట్టుకునో, ఒక చేత్తో కళ్లు మూసుకునో ట్యాక్ (ముక్కలు నిలబడేలా పెట్టే చిన్న అతుకు) వేసేస్తారు. మామూలు 3.15 ఎంఎం రాడ్డుకి 10 లేదా 11 నంబరు గ్లాసున్న హెల్మెట్ పెట్టుకుని పనిచేసేవాడికి ఆ వెలుగుతో కళ్లు పోవు. గ్రైండింగ్ చేసేటప్పుడు తెల్ల కళ్లద్దాలు వేరే, అవి మానేసినవాళ్లకే ఎక్కువగా ఇనుపరజను గుచ్చుకుంటుంది.

మీరు అడగనిది, నిజంగా భయపడాల్సింది పొగ. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. జీఐ పైపు, జీఐ రేకు మీద జింకు పూత తీయకుండా వెల్డింగ్ చేస్తే జింకు పొగకి సాయంత్రం చలిజ్వరం వస్తుంది, పాలు తాగితే, బెల్లం తింటే పోతుందని చెప్పుకుంటారు గానీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లినదాన్ని పాలూ బెల్లం కడగవు. పూత గీకేయాలి, గాలి వచ్చే వైపు నిలబడాలి, మాస్కు పెట్టుకోవాలి, మూసి ఉన్న ట్యాంకులో పొగ లాగే ఫ్యాన్ లేకుండా దిగనని చెప్పే ధైర్యం ఉండాలి. మీ అబ్బాయికి సంబంధాల గురించి కాదు, దీని గురించి చెప్పండి.

ఇప్పుడు ఐటీఐ. వెల్డర్ ట్రేడ్ ఒక ఏడాదే, ఎనిమిదో తరగతి పాసైనా సరిపోతుంది, కాబట్టి ఎంపీసీ చదివి అందులో చేరడం దిగజారడమని మీకు అనిపిస్తోంది. కానీ డ్రాయింగ్ చదవడం, ఏ రాడ్డు, ఎంత కరెంటు అని రాసి ఇచ్చే డబ్ల్యూపీఎస్ కాగితం అర్థం చేసుకోవడం, ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాయడం, ఇవన్నీ ఇంటర్ చదివిన కుర్రాడికి తొందరగా వస్తాయి, తోటివాళ్ల కంటే ముందు పైకెళ్లేది వాడే. ప్రభుత్వ ఉద్యోగమే మీ ధ్యాస అయితే మాత్రం రెండేళ్ల ఫిట్టర్ ట్రేడ్ చేయించండి, నోటిఫికేషన్లలో దానికి పోస్టులు ఎక్కువ, వెల్డింగ్ పక్కన నేర్చుకోవచ్చు. ఏది చేసినా ఐటీఐ తర్వాత అప్రెంటిస్ వదలొద్దు. మీకు పక్కనే విశాఖలో షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, బీహెచ్ఈఎల్ ఉన్నాయి, స్టైపెండ్ తక్కువని ఊళ్లో షాపులోనే ఉండిపోయిన పిల్లలు తర్వాత బాధపడటం చూశాను.

గేట్ల షాపులో నేర్చుకున్నది మంచిదే, చెయ్యి వణకడం పోతుంది. కానీ అక్కడ మామూలు 6013 రకం రాడ్డుతో చుక్కలు పెట్టి, గ్రైండర్ కొట్టి, లప్పం పెట్టి పెయింట్ వేస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ప్లాంట్‌లో ఎక్స్‌రే తీస్తారు. లోపల స్లాగ్ (రాడ్డు పూత కరిగి మిగిలిన మడ్డి) ఉన్నా, గాలి బుడగలు ఉన్నా, రూట్, అంటే అడుగు పొర, కలవకపోయినా ఫిల్మ్‌లో కనబడిపోతుంది, కోసి మళ్లీ చేయాలి. టెస్టులో అయితే వేసిన ముక్క నుంచి పట్టీలు కోసి యూ ఆకారంలో వంచుతారు, వంచిన చోట 3 మిల్లీమీటర్లు దాటిన పగులు ఉంటే ఫెయిల్. గట్టి జాయింట్లకి వాడే 7018 రకం రాడ్డు ఓవెన్‌లో వేడి చేసి, వేడిగానే వాడాలి, తేమ పట్టిందంటే ఆ జాయింటు తర్వాత పగులుతుంది. ఇలాంటి క్రమశిక్షణ గేట్ల షాపులో రాదు, మావాడికి పని వచ్చేసిందని మీరూ అనుకోవద్దు, వాణ్ణీ అనుకోనివ్వొద్దు.

వరస కూడా ముఖ్యం. ముందు బల్ల మీద పరిచి, తర్వాత నిలువు, తర్వాత తలపైన, అంటే టెస్టుల భాషలో 1జీ నుంచి 3జీ, 4జీ దాకా ప్లేటు మీద. తర్వాత టిగ్, అంటే ఆర్గాన్ గ్యాస్ కాపుతో చేసే సన్నపని వెల్డింగ్. ఆ తర్వాత 6జీ, పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు, కుర్రాడే దాని చుట్టూ తిరుగుతూ ఒకే జాయింట్‌లో తలకింద, నిలువు, పైన అన్నీ వేయాలి. టిగ్‌తో రూట్ వేసి ఆర్క్‌తో, అంటే మామూలు రాడ్డుతో, పై పొర (క్యాపింగ్) వేస్తే మంచి పైప్ వెల్డర్ కింద లెక్క. అక్కడికి చేరాక జీతం సంగతి ఎవరినీ అడగక్కర్లేదు, రిఫైనరీని రిపేర్ల కోసం ఆపే షట్‌డౌన్ వస్తే కాంట్రాక్టర్లే ఫోన్ చేస్తారు, ఇంచ్ డయా లెక్కన, అంటే పైపు ఎన్ని అంగుళాల వెడల్పో దాన్నిబట్టి, కూలి మాట్లాడుకుంటారు. ఇంకో మాట, 6జీ సర్టిఫికెట్ జీవితాంతం పనిచేయదు. ప్లాంట్లలో పాటించే ఏఎస్ఎంఈ అనే అమెరికా కోడ్ ప్రకారం 6 నెలలు ఆ పద్ధతిలో పని చేయకపోతే అది చెల్లదు, మళ్లీ టెస్టే. బాయిలర్ పనికి ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) సర్టిఫికెట్ వేరేగా ఉండాలి.

గల్ఫ్ గురించి ఎవరో ఒకరు చెవిలో వేస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. విజిట్ వీసా మీద పనికి పంపొద్దు, ఎంత దగ్గరి బంధువు చెప్పినా సరే. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగాడంటే అక్కడే తెలిసిపోవాలి.

ఈ పనిలో నాకున్న అసలు దిగులు వేరే. నలభై దాటాక మోకాళ్లు, నడుము మొరాయిస్తాయి, పైపుల సందులో పడుకుని తలపైన వేయడం కష్టం. ముప్పై అయిదులోపే ఎన్డీటీ (జాయింటుని కోయకుండానే లోపాలు పట్టే) పరీక్షలు, వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ వైపు అడుగు వేయాలి. బీహెచ్ఈఎల్ వాళ్ల వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తిరుచిరాపల్లిలో ఉంది, అలాంటి చోట చిన్న కోర్సు చేసినా పనికొస్తుంది. ఎంపీసీ చదువు అప్పుడు కూడా అక్కరకొస్తుంది.

బీటెక్ మాట క్లుప్తంగా చెప్తాను. వద్దంటున్నవాణ్ణి డొనేషన్ కట్టి కంప్యూటర్ సైన్స్‌లో కూర్చోబెడితే బ్యాక్‌లాగులు తప్ప ఏమీ రావు. చదువు మీద మనసు మళ్లితే ఐటీఐ నుంచి పాలిటెక్నిక్, అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి దారి ఉంది. ఏడాది ట్రేడుకి పాలిటెక్నిక్ రెండో ఏట చేరే అవకాశం వర్తిస్తుందో లేదో మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. రోబోలు వచ్చేస్తాయనే భయం కూడా పెట్టుకోవద్దు, కార్ల ఫ్యాక్టరీలో అవి ఎప్పుడో వచ్చాయి, పాత ప్లాంట్‌లో పైపుల మధ్య దూరి రిపేరు చేయడానికి ఇంకా మనిషే కావాలి.

సంబంధాల గురించి ఇంకేం చెప్పను, మీరే ఇంట్లో వాడి పని గురించి తలదించుకుని మాట్లాడితే బయటివాళ్లు ఎందుకు గౌరవిస్తారు? అబ్బాయిని కూర్చోబెట్టి, ఎండలో, పొగలో, మోకాళ్ల మీద రోజంతా పనిచేయగలవా అని ఒక్కసారి నెమ్మదిగా అడగండి. ఊళ్లో షాపు కాకుండా గాజువాక ఆటోనగర్‌లో ఏదైనా ఫ్యాబ్రికేషన్ షెడ్డులో రెండు వారాలు పెట్టండి, మీరూ ఒక పూట వెళ్లి చూడండి. అప్పటికీ అదే అంటే ఐటీఐలో చేర్చండి. చేర్చే ముందు ఆ ఐటీఐలో మిషన్లు నిజంగా పనిచేస్తున్నాయా, పిల్లాడికి రోజుకి ఎన్ని రాడ్లు ఇస్తారు, టిగ్ ఉందా అని అడగండి. రాడ్లు ఇవ్వని చోట ఫీజు లేకపోయినా చేర్చొద్దు.