స్పార్టా ఇలవేల్పు ఆరెస్ కాదు

“ప్రాచీన గ్రీసులో ఊరికో దేవత ఉండేదట కదా, ఏథెన్స్‌కు ఎథీనా, స్పార్టాకు యుద్ధదేవుడు ఆరెస్, అంతేనా?” అని అడిగారు. రెండోది తప్పు. స్పార్టా వెళ్లేదాకా నేనూ అలాగే అనుకున్నాను లెండి.

ఏథెన్స్ నుంచి బస్సులో మూడు గంటలకు పైగా పట్టింది. ఆలివ్ తోటలోంచి నడిచి, కూలిపోయిన రంగస్థలం పక్కనుంచి పాత కోటగుట్ట ఎక్కితే, నేలను అంటిపెట్టుకున్న రాళ్ల వరుసలు కొన్ని కనిపించాయి. బోర్డు మీద ఎథీనా గుడి అని ఉంది. శత్రువులైన ఏథెన్స్ వాళ్ల దేవత ఇక్కడెందుకుందని మళ్లీ చదివాను. గుడికి కంచు రేకుల తాపడం ఉండేది కాబట్టి ఆమెను ‘ఖల్కియోయికోస్’ అన్నారు. కంచు ఇంటి తల్లి అనుకోండి. స్పార్టా కోటను కాచింది ఈమే. ఆరెస్‌కే మరో పేరుగా చెప్పే యుద్ధదేవుడు ఎన్యాలియోస్‌కు ఊళ్లో ఒక పాత విగ్రహం ఉండేది, కానీ దాని కాళ్లకు సంకెళ్లు! తమను వదిలి పారిపోకుండా వేశారని క్రీ.శ. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసేనియస్ రాశాడు.

దేవత ఒకరే అయినా ఏ ఊరి తల్లి ఆ ఊరిదే. అమ్మవారు ఒక్కరే అంటూనే ఏ ఊరికి ఆ ఊరి పేరుతో కొలిచే మనకు ఇది కొత్తగా తోచదు. క్రీ.పూ. 508 ప్రాంతంలో స్పార్టా రాజు క్లియోమెనీస్ ఏథెన్స్ కోటను పట్టుకుని ఎథీనా గర్భగుడిలోకి వెళ్లబోతే, పూజారిణి పీఠం మీద నుంచి లేచి, డోరియన్లకు (అంటే స్పార్టా వాళ్ల తెగకు) ఇక్కడ ప్రవేశం లేదు, వెనక్కి వెళ్లమంది. “నేను డోరియన్‌ని కాదమ్మా, అకియన్‌ని” అన్నాడట. ఈ సంగతి గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పాడు.

ఆర్గోస్, సమోస్ హీరావి, ఎఫెసస్ ఆర్టెమిస్‌ది, రోడ్స్ సూర్యుడు హీలియోస్‌ది. ఇవి మీకు ఎక్కడైనా దొరుకుతాయి.

ఏథెన్స్ వెళ్తే ఒక మాట. జనమంతా కోట మీది ఎథీనా పెద్ద గుడి పార్థెనాన్ వైపే పరుగెడతారు. శిల్పి ఫీడియాస్ చేసిన బంగారు, దంతపు విగ్రహం ఉన్నది అందులోనే, నిజమే. కానీ ఎథీనా పండుగకు నేసిన చీర లాంటి వస్త్రం, పెప్లోస్, వెళ్లింది ఆ విగ్రహానికి కాదు. ‘పోలియాస్’, అంటే పురదేవత అని పిలిచే పాత ఆలివ్ కొయ్య విగ్రహానికి. దాని చోటు ఉత్తరాన ఉన్న ఎరెక్థియోన్ గుడి వైపు. కోటను కాచే పాముకు నెలనెలా తేనె రొట్టె పెట్టేవారట. క్రీ.పూ. 480లో పర్షియన్లు వస్తున్నప్పుడు రొట్టె ముట్టకుండా అలాగే ఉంటే, తల్లే కోట విడిచి వెళ్లిపోయిందని జనం ఊరు ఖాళీ చేశారు. పర్షియన్లు గుడితోపాటు ఆమె ఆలివ్ చెట్టునూ కాల్చేశారు. మర్నాడే ఆ మోడు మూరెడు చిగురు వేసిందని హెరోడోటస్ రాశాడు.

అక్కడ ఇప్పుడున్న ఆలివ్ చెట్టు ఈమధ్య కాలంలో నాటినదే. అది తెలిసీ దాని కిందే ఎక్కువసేపు నిలబడ్డాను.