కార్డు మీద మాక్రో లెన్స్ కొనవచ్చా?

ప్రశ్న: నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నగలను క్లోజప్‌లో ఫొటోలు తీసి, ఎడిట్ చేసి ఇస్తుంటాను. ప్రస్తుతం ఇద్దరు క్లయింట్లు ఉన్నారు. ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. కొత్త కెమెరా, మాక్రో లెన్స్, లైట్ల కోసం దాచుకున్న డబ్బంతా పెట్టి, తక్కువైంది క్రెడిట్ కార్డు మీద వాడుకుని నెమ్మదిగా తీర్చాలనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: కాదు, ఆ పని చేయకండి. సొంతంగా పని చేసుకునేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. సామాను కొంటే పని పెరుగుతుందని చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెట్టేస్తారు. ఆ తర్వాత ఒక్క క్లయింట్ పేమెంట్ ఆలస్యం చేసినా ఇంటి ఖర్చుకు మళ్లీ కార్డే దిక్కవుతుంది. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్న అంకెలా ఉంటుంది. చక్రవడ్డీతో ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. మీ పనిలో అంత మిగులుతోందా? మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అప్పు తీరదు.

ముందు ఎమర్జెన్సీ ఫండ్. జీతగాళ్లకు 6 నెలల ఖర్చు చాలంటాం. ఇద్దరు క్లయింట్ల మీదే బతుకుతున్న మీకు కనీసం 9 నెలలది కావాలి. అందులో అద్దె, ప్రీమియంలతో పాటు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చందా కూడా లెక్కేయండి. కెమెరా డబ్బుతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచండి.

మీరు అడగని విషయం ఇంకొకటుంది, నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే. షూట్ అయ్యేదాకా ఆ నగలు ఎవరి బాధ్యత? గోరు తగిలి ఊడిన చిన్న రాయి నల్ల వెల్వెట్ మడతలో పడితే వెతికినా దొరకదు. మామూలు గృహ బీమా చాలావరకు వ్యాపారం కోసం తెచ్చిన పరాయి సొత్తుకు వర్తించదు. మీ స్వాధీనంలో ఉన్న ఇతరుల వస్తువులకు బీమా కవర్ అడిగి తీసుకోండి. క్లయింట్ పాలసీ మీ గదిదాకా వర్తిస్తుందంటే ఆ మాట రాతలో తీసుకోండి. నగ అందుకున్నప్పుడే బరువు, రాళ్ల లెక్క రాసి సంతకం చేయించుకోండి. ఆరోగ్య బీమా లేకపోతే అదీ ఈ నెలలోనే.

ఇక కెమెరా. వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేంత దగ్గరగా, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8 సైజులో పెట్టి తీస్తే, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 1 మిల్లీమీటరే. ఉంగరం మీది రాయి స్పష్టంగా ఉంటే వెనక కమ్మీ మసకబారుతుంది. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా దీన్ని తప్పించలేరు. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన షాట్లను స్టాక్ చేయడమే, అంటే ఎడిటింగ్‌లో ఒకే ఫొటోగా కలపడమే దారి. మెరుగుపెట్టిన బంగారం చుట్టూ ఉన్న నలుపునే ప్రతిబింబిస్తుంది కాబట్టి అంచులు చీకట్లో కలిసిపోతాయి. పక్కన తెల్ల అట్టముక్క పెడితే అంచు బయటపడుతుంది. నల్ల అక్రిలిక్ మీద ధూళిని షూట్‌కు ముందే బ్లోయర్‌తో ఊదేస్తే ఎడిటింగ్‌లో గంటలు మిగులుతాయి. వీటికి అప్పు అక్కర్లేదు.

లెన్స్ తప్పనిసరైతే ఆ పనివరకు అద్దెకు తెచ్చి, ఆ ఖర్చు బిల్లులో వేయండి. సెకండ్‌హ్యాండ్ కూడా చూడవచ్చు. లోన్ సంగతి ఫండ్ నిండాకే, అదీ అతి తక్కువ ఆదాయం వచ్చిన నెలలోనూ కట్టగలిగే ఈఎంఐ అయితేనే. బీమా కవర్ చేతికి వచ్చేదాకా నగలు ఇంటికి తెచ్చుకోకుండా క్లయింట్ దగ్గరే కూర్చుని షూట్ చేయండి.