ఆ స్కాన్ చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మావాడు ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఈమధ్య వాళ్ల బావకి వృషణం మెలిపడితే అర్ధరాత్రి డాప్లర్ స్కాన్‌లో తేల్చి, తెల్లారేలోగా ఆపరేషన్ చేశారు. అప్పట్నుంచి ఆ స్కాన్ చేసే ఉద్యోగమే కావాలంటున్నాడు. ఇమేజింగ్ టెక్నాలజీ బీఎస్సీ చాలని ఒక కాలేజీవాళ్లు అంటున్నారు. చుట్టాలేమో నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: కాలేజీవాళ్లు మీకు సగమే చెప్పారండీ. ఆ బీఎస్సీ మంచి చదువే. కానీ అది చదివినవాళ్లకు మన దగ్గర పని దొరికేది ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ గదుల్లో. మీరన్న డాప్లర్ రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండే. ఆ అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ఒంటికి ఆనించే పరికరం) పట్టుకునేది డాక్టరే. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని ఆపేందుకు 1994లో తెచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం ఆ మెషీన్ మీద గట్టి కట్టడి పెట్టింది. మగవాళ్ల స్కాన్‌కి ఆ చట్టంతో ఏం పని అనిపించవచ్చు, మెషీన్ ఒకటే కదా!

మీవాడికి నచ్చిన ఆ పని ఎలాంటిదో కూడా చెబుతాను. వృషణం మెలిపడితే దానికి రక్తం అందదు. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు విప్పగలిగితే చాలావరకు దక్కుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా నొప్పి, వాపు అలాగే ఉంటాయి. డాప్లర్‌లో చూస్తే ఇన్ఫెక్షన్‌లో రక్తప్రవాహం పెరిగి కనిపిస్తుంది, మెలిపడితే తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది. అందుకే ముందు బాగున్న వైపు చూసి సెట్టింగులు సరిచేసుకుని, తర్వాత నొప్పి ఉన్న వైపుకి వస్తారు. సగం మెలిపడ్డప్పుడు లోపల రక్తం కాస్త కనిపిస్తూనే ఉంటుంది, అది చూసి ఫర్వాలేదనుకుంటే కొంప మునిగినట్టే. పైనున్న నాళాల వెంబడి వెళ్లి ఎక్కడైనా సుడి తిరిగిందేమో వెతకాలి. వెరికోసిల్ (వృషణం పైనున్న సిరలు ఉబ్బడం) అనుమానముంటే మనిషిని నిలబెట్టి, ముక్కమని చూస్తారు. వరిబీజంలో నీరు తేలిగ్గానే కనబడుతుంది, దాని చాటున గడ్డ లేదని తేల్చడమే అసలు పని. బోదకాలు ఎరిగిన ప్రాంతం మీది కాబట్టి ఇదీ చెప్పాలి: ఆ జబ్బు తెచ్చే పురుగులు వృషణాల సంచిలోని నాళాల్లో బతికి కదులుతుంటే ఈ స్కాన్‌లో కనిపిస్తాయి. దాన్ని ఫైలేరియా డ్యాన్స్ అంటారు.

ఇదంతా రోగి బల్ల మీద ఉండగానే తేల్చాలి. మీవాడికి కావాల్సింది అదే అయితే నీట్ రాయించండి. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, రేడియాలజీలో ఎండీ మూడేళ్లు. ఆ ఎండీ సీటుకి పోటీ చాలా ఎక్కువని ముందే తెలిసి దిగాలి.

ఎంబీబీఎస్ సీటు రాకపోతే బీఎస్సీ తీసుకోవచ్చు. బ్రిటన్‌లో డాక్టర్లు కాని సోనోగ్రాఫర్లు స్కాన్ చేసి రిపోర్టూ రాస్తారు. అమెరికాలో వాళ్లు స్కాన్ చేస్తే రేడియాలజిస్టు రిపోర్టు ఇస్తారు. అయితే మన బీఎస్సీ పట్టుకుని నేరుగా వెళ్లి ఆ పనిలో చేరడం కుదరదు, అక్కడి శిక్షణ, పరీక్షలు వేరే ఉంటాయి.

నవ్వే చుట్టాలను వదిలేయండి. ఆ సిగ్గుకే పిల్లలు నొప్పిని ఇంట్లో చెప్పక రాత్రంతా దాచుకుంటారు. మీరు మాత్రం ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి వెళ్లి, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ సొంత సీటీ, ఎంఆర్ఐ ఉన్నాయా, విద్యార్థుల్ని వాటి దగ్గర నిలబెడతారా అని అడగండి. వీలైతే సీనియర్లతో విడిగా మాట్లాడండి.