రొమ్ము క్యాన్సర్ స్టెమ్ సెల్స్ మీద పని మొదలుపెట్టబోతున్న మా అమ్మాయికి

శ్రావణీ,

నీ మెయిల్ చూశాను. పీహెచ్‌డీకి రొమ్ము క్యాన్సర్ స్టెమ్ సెల్స్ (కణితిని కొత్తగా పుట్టించగల కణాలు), మెటాస్టాసిస్ (క్యాన్సర్ వేరే అవయవాలకి పాకడం) టాపిక్ ఖాయమైందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. పెద్దమ్మ ఇన్నేళ్ళు ల్యాబులో ఏం చేసిందో చెప్పమంటే పెద్ద రామాయణం అవుతుంది గానీ, నీకు పనికొచ్చేవి మాత్రం చెప్తాను.

ముందు ప్రశ్నని చిన్నది చేసుకో. స్టెమ్ సెల్స్ వల్ల క్యాన్సర్ పాకుతుందా అని అడిగితే దానికి ప్రయోగం ఉండదమ్మా. కణం కణితి నుంచి ఊడి రావాలి, రక్తనాళంలోకి దూరాలి, రక్తంలో చావకుండా తిరగాలి, ఊపిరితిత్తిలోనో ఎముకలోనో కాలేయంలోనో దిగాలి, అక్కడ ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉలుకూపలుకూ లేకుండా పడుండి కూడా మళ్ళీ పెరగడం మొదలుపెట్టాలి. ఇందులో ఏ మెట్టు దగ్గర స్టెమ్ సెల్ గుణం అవసరమని నువ్వు అనుకుంటున్నావో ఒక్క వాక్యంలో రాసి గోడకి అంటించుకో. నన్నడిగితే ఆఖరి మెట్టు పట్టుకోమంటాను. రక్తంలోకి వచ్చే కణాలు బోలెడు, కొత్తచోట కణితిగా నిలబడేవి అతి కొద్ది, ఆ తేడా ఎక్కడ వస్తోందన్నదే అసలు సంగతి.

2003లో మిషిగన్ యూనివర్సిటీ నుంచి అల్ హజ్, విచా, క్లార్క్ వాళ్ళు వేసిన పేపర్ చదివే ఉంటావు. ఇంకోసారి చదువు, ఈసారి మెథడ్స్ మాత్రమే. కణం పైనుండే ప్రోటీన్లలో సీడీ44 ఉండి సీడీ24 లేని, లేదా బాగా తక్కువున్న కణాలు వంద పెట్టినా ఎలుకలో కణితి లేచింది, మిగతా రకం వేలకి వేలు పెట్టినా లేవలేదు. అందరూ గుర్తుపెట్టుకునేది అంతవరకే. ఆ శాంపిళ్ళలో ఎక్కువ భాగం రోగుల ఛాతీలో చేరిన నీటిలోంచి తీసినవి, అంటే అప్పటికే పాకిన కణాలు. ఇక 2008లో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) మీద మోరిసన్ ల్యాబ్ చేసిన పని పక్కన పెట్టుకుని చదివితే నీకే అర్థమవుతుంది: రోగనిరోధక శక్తి ఇంకా తక్కువున్న ఎలుకలు వాడి, కణాల్ని పెట్టే పద్ధతి కూడా మార్చేసరికి, అంతకుముందు అరుదు అనుకున్న, కణితి లేపగల కణాలు దాదాపు నాలుగింటికి ఒకటిగా తేలాయి. అది మెలనోమా, మనది రొమ్ము క్యాన్సర్, నిజమే. అయినా నువ్వు లెక్కపెట్టేది కణం సత్తానా, ఎలుక ఒప్పుకోలునా అనే అనుమానం ఎప్పుడూ ఉంచుకో.

సెల్ లైన్ల (ల్యాబులో తరతరాలుగా పెంచే కణాల) దగ్గర నేను మొండిదాన్ని. ఫ్రీజర్లోంచి తీసిన ప్రతి లైనుకీ ఎస్‌టీఆర్ టెస్ట్ (లైను అసలుదేనా అని డీఎన్ఏతో చూసేది), మైకోప్లాస్మా టెస్ట్ (కంటికి తెలియకుండా పట్టే బ్యాక్టీరియా ఉందా అని చూసేది) చేయించాకే తాకు. ఎండీఏ-ఎంబీ-435 అనే లైన్‌ని ఎన్నో ఏళ్ళు రొమ్ము క్యాన్సర్ అనుకుని మెటాస్టాసిస్ పేపర్లు వేశారు, తీరా చూస్తే అది మెలనోమా లైన్. ఎండీఏ-ఎంబీ-231తో ఇంకో తంటా ఉంది. అందులో దాదాపు అన్ని కణాలూ సీడీ44 పాజిటివ్, సీడీ24 నెగెటివ్‌గానే కనిపిస్తాయి, మరి అన్నీ స్టెమ్ సెల్సేనా? కాబట్టి ఇలాంటి మార్కర్‌ని (కణాన్ని గుర్తుపట్టే ఆనవాలుని) వేరుచేసే పనిముట్టుగా వాడుకో, రుజువుగా చూపించకు. స్టెమ్ సెల్స్‌లో ఎక్కువుండే ఏఎల్‌డీహెచ్ ఎంజైమ్ కొలిచేటప్పుడు, దాన్ని ఆపేసే డీఈఏబీతో కంట్రోల్ ప్రతి శాంపిల్‌కీ పెట్టు, ఒకదానికి పెట్టి మిగతావాటికి అదే గేటు (పాజిటివ్ అని లెక్కేసే హద్దు) గీయకు. కణాల్ని విడదీసే ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంచితే కణం పైనున్న ప్రోటీన్లు కొన్ని తెగిపోతాయి, మార్కర్ లేదనిపిస్తుంది. మామోస్ఫియర్లయితే (తేలుతూ గోళాలుగా పెరిగే రొమ్ము కణాలు) కణాల్ని బాగా పలచగా వెయ్యి, లేకపోతే అవి ఒకదానికొకటి అతుక్కుని ఉండ కట్టినా ఒక్క కణం నుంచి పెరిగిన గోళం అని లెక్కేసేస్తావు.

ఇంకోటి, స్టెమ్ సెల్ అంటే పుట్టుకతో ముద్ర వేయించుకుని వచ్చిన కణం అనే ఊహతో ప్లాన్ వేయకు. 2008లో మణి, వైన్‌బర్గ్ వాళ్ళు మామూలు ఎపిథీలియల్ (పొరగా ఉండే) కణాలకి ఈఎంటీ (అతుక్కుని ఉండే కణం కదిలే రకంగా మారడం) తెప్పిస్తే వాటికి స్టెమ్ సెల్ లక్షణాలు వచ్చాయి. 2011లో అదే బృందంలోని చాఫర్ చూపించింది, ఎవరూ ఏమీ చేయకుండానే కొన్ని మామూలు కణాలు అటు మారతాయని. అలాగని మెటాస్టాసిస్ మొత్తం ఈఎంటీ చలవే అనుకోకు, 2015లో ఎలుకల్లో ఫిషర్ వాళ్ళు చేసిన పనిలో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన కణాలు చాలావరకు ఆ మార్పు లేకుండానే వెళ్ళాయి, మార్పు వచ్చినవి మందుని తట్టుకున్నాయి. అదే ఏడాది లాసన్, వెర్బ్ వాళ్ళు ఒక్కో కణాన్నీ విడిగా చూస్తే, అప్పుడప్పుడే దిగిన చిన్న మెటాస్టాసిస్‌లో స్టెమ్ సెల్ పోలికలు ఎక్కువ, బాగా పెరిగినవాటిలో తక్కువ. అందుకని ఒకే రోజు కోసి చూసి తీర్పు చెప్పకు, మొదట్లో, మధ్యలో, చివర్లో చూడు.

ఎలుక తోక రక్తనాళంలో కణాల్ని ఇంజెక్షన్ ఇచ్చి, ఊపిరితిత్తుల్లో మచ్చలు లెక్కపెట్టి మెటాస్టాసిస్ అని రాసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే. మొదటి రెండు మెట్లూ దాటవేసిన ప్రయోగం అది. కణం దిగి పెరిగే దశ చూడటానికి పరవాలేదు, అంతే అని రాయి. నిజంగా మొత్తం కావాలంటే మామరీ ఫ్యాట్ ప్యాడ్‌లో (ఎలుక రొమ్ము కొవ్వులో) పెట్టి, పెరిగిన కణితిని తీసేసి, ఓపిగ్గా ఆగాలి.

నేలని కూడా మర్చిపోకు. పేజెట్ 1889లోనే క్యాన్సర్ కణం విత్తనం, అది దిగే అవయవం నేల అని చెప్పాడు. 2007లో కార్నూబ్ వాళ్ళ పనిలో మూలుగ నుంచి వచ్చిన మామూలు మెసెంకైమల్ స్టెమ్ సెల్స్ (ఎముక, కొవ్వు లాంటివాటిని తయారుచేసేవి) సీసీఎల్5 అనే సంకేత ప్రోటీన్ వదిలి క్యాన్సర్ కణాల్ని ఉసిగొల్పాయి, అంటే నీ టాపిక్‌లో స్టెమ్ సెల్స్ రెండు వైపులా ఉన్నాయి. థీసిస్‌లో ఏది ఏదో ప్రతిసారీ స్పష్టంగా రాయి, పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు.

ఈ టాపిక్ చేస్తున్నావని తెలిస్తే ఎవరో ఒకరు తమ రిపోర్ట్ పంపి స్టెమ్ సెల్ టెస్ట్ చేయించమంటావా అని అడుగుతారు చూడు. మామూలుగా చికిత్స నిర్ణయించేది స్టేజి, ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (కణం పెరగడానికి సంకేతమిచ్చే ప్రోటీన్) లాంటివి, మన మార్కర్లు ఇంకా ల్యాబులోనే ఉన్నాయని చెప్పి డాక్టర్ దగ్గరికి పంపు, అంతకుమించి ఒక్క మాట ఎక్కువ చెప్పకు.

ఎలుకల సంఖ్య వేసే ముందు స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళతో కూర్చుని లిమిటింగ్ డైల్యూషన్ (కణాల్ని తగ్గిస్తూ పెట్టి ఎన్నిటికి కణితి లేస్తుందో చూడటం) డోసులు తేల్చుకో. ఎస్‌టీఆర్ రిపోర్ట్, ఆ గోడమీద వాక్యం, రెండూ నాకు పంపు, అప్పుడు ఫోన్లో మాట్లాడదాం.

మీ పెద్దమ్మ